అనంతగిరి: గుట్ట మీద వీకెండ్.. గుట్ట కింద మూసీ! రోడ్డు వెడల్పయ్యాక ఏం జరగబోతోంది?

వాన చినుకు పడితే చాలు.. శని, ఆదివారాల్లో హైదరాబాద్ కార్లు, బైకులు చేవెళ్ల రోడ్డెక్కేస్తాయి. అప్పా జంక్షన్, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ.. అక్కడి నుంచి వికారాబాద్. ఊరు దాటి ఇంకో ఐదారు కిలోమీటర్లు పోతే అనంతగిరి గుట్ట. నగరం నుంచి మొత్తం కలిపి 80 కిలోమీటర్ల లోపే. పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి పద్మనాభస్వామి దర్శనం, వ్యూ పాయింట్, నాలుగు రీల్స్.. అన్నీ అయిపోతాయి. సాయంత్రానికి మళ్లీ ఇంట్లో ఉండొచ్చు. సెలవు పెట్టక్కర్లేదు, హోటల్ బుక్ చేయక్కర్లేదు.

సరిగ్గా ఈ సౌకర్యమే ఇప్పుడు ఆ గుట్టకు పరీక్షగా మారుతోంది.

ఎందుకంటే అనంతగిరి అంటే ఒక గుడి, ఒక అడవి, ఒక వ్యూ పాయింట్ మాత్రమే కాదు. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. హైదరాబాద్‌లో మూసీ అంటే నల్లటి నీళ్లు, నురగ, ముక్కు మూసుకోవడం గుర్తొస్తాయి కానీ, అదే మూసీ ఇక్కడ చెట్ల వేళ్ల మధ్య నుంచి, రాళ్ల సందుల్లోంచి ఊరే తేట నీరు. ఇక్కడ మొదలై, గండిపేట చెరువును నింపి, నగరం నడిబొడ్డున సాగి, దాదాపు 240 కిలోమీటర్లు ప్రయాణించి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కింద ఈ నదిని బాగు చేయడానికి వేల కోట్ల లెక్కలు వినిపిస్తున్నాయి. పైన, అది పుట్టేచోట మాత్రం ఎంతమంది వస్తున్నారు, ఎన్ని బండ్లు ఎక్కుతున్నాయి, ఏం వదిలేసి పోతున్నారు అనే చర్చే పెద్దగా లేదు.

ముందుగా ఒక చిన్న క్లారిటీ

ఫోన్‌లో 'అనంతగిరి' అని సెర్చ్ చేస్తే రెండు వస్తాయి. ఒకటి ఏపీలో అరకు దారిలో ఉన్న అనంతగిరి. కాఫీ తోటలు, బొర్రా గుహలు, తూర్పు కనుమలు అన్నీ ఆ అనంతగిరివి. రెండోది తెలంగాణలో వికారాబాద్ దగ్గరి అనంతగిరి. మనం మాట్లాడుకుంటున్నది దీని గురించే. ఇంటర్నెట్‌లో కొన్ని చోట్ల రెండూ కలిపేసి రాసేస్తుంటారు. అది చదివి వికారాబాద్‌లో కాఫీ తోటల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ఇక్కడ ఉన్నది ఎండాకాలం ఆకు రాల్చి, రెండు వానలు పడగానే ఒక్కసారిగా పచ్చబడే దక్కన్ అడవి. అందుకే జూన్ నుంచి నవంబర్ దాకా దీని అందమే వేరు. మార్చిలో చూస్తే అదే గుట్టను గుర్తుపట్టలేరు.

ఇక గుడి విషయం. అనంత పద్మనాభస్వామి ఇక్కడ కొలువై ఉండటం వల్లనే దీనికి అనంతగిరి అని పేరు. మార్కండేయ మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని స్థల పురాణం. మూసీకి 'ముచికుందా' అనే పేరు కూడా ఉంది. ఆ పేరు వెనుక ఇంకో కథ. ముచికుందుడనే రాజు గుహలో నిద్రపోతుంటే, కాలయవనుణ్ని తప్పించుకుంటున్నట్టు నటిస్తూ శ్రీకృష్ణుడు ఆ గుహలోకి వచ్చాడట. నిద్ర లేచిన ముచికుందుడి చూపు పడి కాలయవనుడు బూడిదయ్యాడు. ఆ తర్వాత రాజు స్వామి పాదాలు కడిగిన నీరే నదిగా మారిందని ఇక్కడివాళ్లు చెబుతారు. కథ నమ్మినా నమ్మకపోయినా ఒక్క మాట గమనించండి. మన పెద్దలు ఈ గుట్టను దేవుడికంటే ముందు నీళ్లతో ముడిపెట్టి చూశారు. దగ్గర్లోనే ఉన్న బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి పేరులోనూ అదే ఉంది. బుగ్గ అంటేనే ఊట. కార్తీక మాసం వస్తే ఈ రెండు గుళ్లూ జాతరతో కిటకిటలాడతాయి.

ఈ ఊట ఎలా వస్తుందో తెలిస్తే మిగతా కథంతా అర్థమవుతుంది. వికారాబాద్ చుట్టుపక్కల నేల ఎర్రగా ఉంటుంది. పైన లేటరైట్ రాయి, ఎర్రమట్టి. దాని కింద గట్టి నల్లరాయి. పైపొర చిల్లుల చిల్లులుగా స్పాంజిలా ఉంటుంది. వాన పడినప్పుడు చెట్లు, రాలిన ఆకులు నీటి వేగాన్ని ఆపుతాయి. నీరు మెల్లగా ఆ ఎర్రపొరలోకి ఇంకుతుంది. కింద గట్టిరాయి తగిలాక ఇక దిగలేక, పక్కకు జారి వాలులో ఎక్కడో ఒకచోట ఊటగా బయటికొస్తుంది. అంటే వానలు ఆగిపోయాక కూడా వాగులో తడి ఉండాలంటే పైన అడవి ఉండాలి, నేల మీద సిమెంటు ఉండకూడదు. అంతే లెక్క. అడవి తీసేసి, పార్కింగ్ కోసం నేల చదును చేసి, కాంక్రీటు పోస్తే అదే వాన గంటలో వరదలా దిగిపోతుంది. వారం తర్వాత వాగు ఎండిపోతుంది.

వానాకాలం ఇక్కడ కురిసింది అక్కడ కనబడుతుంది. 2025 సెప్టెంబర్ చివరి వారం గుర్తుందా? ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ వచ్చేసింది. దసరాకు ఊళ్లకు పోదామని వచ్చిన ప్రయాణికులను రాత్రికి రాత్రి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. ఎగువన భారీ వానలు, జంట జలాశయాల గేట్లు ఎత్తడం, నది ఒడ్డు కుంచించుకుపోవడం.. అన్నీ కలిసి ఆ రాత్రి తెచ్చాయి. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరద అయితే వేల ప్రాణాలు తీసింది. ఆ దెబ్బతోనే నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి నీళ్లూ దొరికాయి, వరదకు అడ్డుకట్టా పడింది.

111 జీవో కూడా ఇక్కడిదాకా రాలేదు!

ఆ రెండు చెరువులను కాపాడటానికే 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు, పరిశ్రమలు, కాలనీలు వద్దన్నారు. పాతికేళ్లకు పైగా దానిపై రాజకీయం నడిచింది. రియల్ ఎస్టేట్ ఒకవైపు, పర్యావరణవేత్తలు ఒకవైపు. 2022లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు. అప్పటి నుంచి కోర్టుల్లో, చర్చల్లో ఆ పేరు నలుగుతూనే ఉంది.

కానీ ఈ గొడవంతా జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధి గురించే. మొయినాబాద్, శంషాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు ఊళ్ల గురించే. నది పుట్టే అనంతగిరి ఆ 84 గ్రామాల్లో లేదు. అంటే చెరువు చుట్టూ కంచె కట్టడం గురించి ముప్పై ఏళ్లుగా కొట్లాడుకుంటున్నాం కానీ, చెరువులోకి నీళ్లొచ్చే దారి మొదలు ఏమవుతోందో చూడలేదు. గుట్ట మీది అడవి రిజర్వ్ ఫారెస్ట్ కాబట్టి దానికి అటవీ చట్టం అండ ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న పట్టా భూములకు ఆ అండ లేదు. ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, క్యాంపింగ్ టెంట్లు వస్తున్నది సరిగ్గా అక్కడే. రైతు తన పొలం అమ్ముకుంటే తప్పు పట్టలేం. రిసార్టు వస్తే ఊళ్లో నలుగురికి పని దొరుకుతుందన్నదీ నిజమే. కానీ ఒక్కో రిసార్టు ఎన్ని బోర్లు వేస్తోంది, స్విమ్మింగ్ పూల్ నీళ్లు ఎక్కడివి, మురుగు ఎక్కడికి పోతోంది అన్న ప్రశ్నలు అడిగే వ్యవస్థ గ్రామ పంచాయతీ స్థాయిలో గట్టిగా ఉందా? అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఇదే వికారాబాద్ జిల్లాలో అడవి గురించి పెద్ద చర్చ నడిచింది ఒక్కసారే. పూడూరు మండలం దామగుండంలో నేవీ వీఎల్ఎఫ్ రాడార్ స్టేషన్. సముద్రం లోపలున్న జలాంతర్గాములతో మాట్లాడటానికి చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు పంపే కేంద్రం అది. తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలో ఒకటి ఇప్పటికే ఉంది, ఇది రెండోది. దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి నేవీకి ఇచ్చారు. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా ఆ కార్యక్రమంలో ఉన్నారు. మూసీ పుట్టే అడవిని దెబ్బతీస్తారా అని బీఆర్ఎస్, పర్యావరణ సంఘాలు నిలదీశాయి. దేశ భద్రతకు సంబంధించిన విషయంలో రాజకీయం వద్దని ప్రభుత్వం జవాబిచ్చింది. ఎన్ని చెట్లు పోతాయన్నదానిపై రెండు వైపుల లెక్కలకూ పొంతనే లేదు. అక్కడి రామలింగేశ్వర స్వామి గుడికి భక్తులను రానిస్తారా లేదా అన్నది కూడా పెద్ద ప్రశ్న అయింది. దర్శనాలకు ఇబ్బంది ఉండదని హామీ వచ్చింది.

ఆ చర్చ జరగడం మంచిదే. కానీ ఒక తేడా చూడండి. రాడార్ స్టేషన్ ఒక ప్రాజెక్టు. దానికి ఫైలు ఉంది, అనుమతి ఉంది, పరిహారంగా మొక్కలు నాటాలన్న షరతు ఉంది, ప్రశ్నించడానికి ఒక సంతకం ఉంది. వీకెండ్ రద్దీకి ఇవేవీ లేవు. ఒక్కో కారు ఒక్కో వాటర్ బాటిల్ వదిలేసి పోతే దానికి ఫైలు ఉండదు. ఎవరూ శంకుస్థాపన చేయరు, ఎవరూ ధర్నా చేయరు. అది జరిగిపోతూ ఉంటుందంతే.

ఇప్పుడే ఎందుకు అడగాలి?

ఎందుకంటే రోడ్డు మారబోతోంది. హైదరాబాద్ నుంచి అనంతగిరికి పోయే దారిలో ప్రధాన భాగం 163వ నంబర్ జాతీయ రహదారే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. రెండు వైపులా నిజాం కాలం నాటి మర్రి చెట్లు, తొమ్మిది వందలకు పైనే. ఆ చెట్లు కొట్టొద్దని ప్రకృతి ప్రేమికులు గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లడంతో నాలుగు వరుసల విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచేలా డిజైన్ మార్చాక 2025 అక్టోబర్ చివర్లో అడ్డంకి తొలగింది. ఆ వెంటనే, నవంబర్ 3న, ఇదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ రోజు టీవీలో ఆ దృశ్యాలు చూసినవాళ్లెవరూ ఇక ఈ రోడ్డు వెడల్పు అక్కర్లేదని అనలేరు. రోడ్డు కావాలి. అందులో రెండో మాట లేదు.

కానీ రోడ్డు వెడల్పయితే గుట్ట వెడల్పు అవ్వదు కదా! ఇవాళ రెండున్నర గంటలు పడుతున్న ప్రయాణం గంటన్నరకు తగ్గితే, ఇప్పుడు 'అంత దూరం ఎవరు పోతారులే' అనుకునేవాళ్లు కూడా బయల్దేరతారు. అటు కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 కింద అనంతగిరిలో ఎకో టూరిజం జోన్‌కు దాదాపు 38 కోట్లు మంజూరు చేసింది. రోడ్డూ వస్తోంది, డబ్బూ వస్తోంది, జనమూ వస్తారు. రోజుకు ఎంతమంది వస్తే గుట్ట తట్టుకుంటుంది అనే లెక్క మాత్రం జనం చేతికి రాలేదు. ఎకో టూరిజం అన్న పేరులో మొదటి సగం నిలబడాలంటే ముందు కావాల్సింది ఆ లెక్కే. గేట్లు, బోర్డులు, సెల్ఫీ పాయింట్లు తర్వాత.

అనంతగిరిని అందరం ముద్దుగా 'తెలంగాణ ఊటీ' అంటాం. మరి అసలు ఊటీలో ఏం జరుగుతోంది? బండ్లు పెరిగిపోయి ఊపిరాడని పరిస్థితి వచ్చాక మద్రాస్ హైకోర్టు జోక్యం చేసుకుంది. 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు పోవాలంటే ఈ-పాస్ తప్పనిసరి చేశారు. 2025 ఏప్రిల్ నుంచి వేసవి సీజన్‌కు ఏకంగా పరిమితే పెట్టారు. ఊటీకి మామూలు రోజుల్లో 6 వేల వాహనాలు, వారాంతాల్లో 8 వేలు. కొడైకెనాల్‌కు 4 వేలు, 6 వేలు. స్థానికుల బండ్లకు, బస్సుల్లో వచ్చేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. వ్యాపారులు గొడవ చేశారు, బంద్‌లూ చేశారు. ఒక మాట ఒప్పుకోవాలి, హోటల్ నడుపుకునేవాళ్ల బాధ కూడా బాధే. కానీ కొండ ఎంత మోయగలదో తేల్చమని ఐఐటీ, ఐఐఎం లాంటి సంస్థలకు అప్పగించే దాకా పోయిందంటే, అంతకుముందే ఎంత ఆలస్యం జరిగిందో అర్థం చేసుకోవచ్చు. ఊటీ పేరు పెట్టుకున్నాం. ఊటీ పడ్డ తిప్పలు కూడా పడ్డాకే నేర్చుకుంటామా?

మనకు తెలియని పనేమీ కాదిది. తిరుమలలో ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లు లేకుండా చేశారు, అలిపిరి దగ్గర ప్రతి బండీ ఆగి చెక్ చేయించుకునే పైకి పోతుంది. శ్రీశైలం పోయే దారిలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు, అక్కడా ప్లాస్టిక్ నిషేధమే. మొదట్లో జనం విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. ఇవాళ శ్రీశైలం పోయేవాడెవడైనా టైమ్ చూసుకునే ఇంట్లోంచి బయల్దేరతాడు. ఆ రెండు చోట్లా ఒక్కటి కామన్. చెక్‌పోస్ట్ కొండ కిందే ఉంటుంది, పైన కాదు.

అనంతగిరికి కూడా అదే సూటయ్యే పద్ధతి. సొంత బండ్లను వికారాబాద్‌లోనే ఆపి, అక్కడి నుంచి గుట్టకు చిన్న బస్సులు, ఎలక్ట్రిక్ ఆటోలు నడిపితే? దూరం ఐదారు కిలోమీటర్లే. పార్కింగ్ ఫీజు మున్సిపాలిటీకి వస్తుంది, ఆటోవాళ్లకు గిరాకీ దొరుకుతుంది, గుట్ట మీద చెట్లు కొట్టి పార్కింగ్ చేయాల్సిన అవసరం తప్పుతుంది. వృద్ధులకు, జాతరకు వచ్చే భక్తులకు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు మినహాయింపులు ఇవ్వొచ్చు. ఇది మా సలహా మాత్రమే. ఇంతకంటే మంచిది ఏదైనా ఉంటే అదే చేయనీ. కానీ ఏదో ఒకటి రోడ్డు పూర్తి కాకముందే మొదలవ్వాలి. రద్దీకి అలవాటు పడిన వ్యాపారం ఒకసారి వేళ్లూనుకున్నాక ఏ ప్రభుత్వమూ దాన్ని కదిలించలేదు.

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. మూసీని బతికించడానికి గోదావరి నీళ్లు తెస్తున్నారు. 2025 సెప్టెంబర్ 8న గండిపేట దగ్గర శంకుస్థాపన జరిగిన గోదావరి తాగునీటి ఫేజ్ 2, 3 పథకం విలువ 7,360 కోట్లు. తెచ్చే 20 టీఎంసీల్లో రెండున్నర టీఎంసీలు జంట జలాశయాల్లోకి, వాటి ద్వారా మూసీలోకి వదులుతారట. అంటే ఎక్కడో పారే గోదావరిని పైపుల్లో, పంపులతో ఎత్తిపోసి మూసీలో నీళ్లు నింపుతాం. తప్పని సరే. నగరం పెరిగింది, దాహం పెరిగింది. కానీ మూసీ సొంత ఊటను ఉచితంగా ఇస్తున్న ఒక కొండ 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దానికి కరెంటు బిల్లు లేదు, పంపు లేదు. కాపాడటానికి అయ్యే ఖర్చు ఆ 7,360 కోట్ల పక్కన లెక్కలోకే రాదు.

ఇదంతా చదివి 'అయితే పోవద్దంటారా?' అని మీరు అడగొచ్చు. పోండి. తప్పకుండా పోండి. నిజాం కాలంలో క్షయ రోగులకు శానిటోరియం పెట్టడానికి ఏరికోరి ఎంచుకున్న గాలి అది. ఊపిరి నిండా పీల్చుకోవాల్సిందే. కాకపోతే కారు ఒక్కటే దారి అనుకోకండి. వికారాబాద్ జంక్షన్ సికింద్రాబాద్, వాడి మెయిన్ లైన్ మీద ఉంది. సికింద్రాబాద్ నుంచి గానీ, లింగంపల్లి నుంచి గానీ రైలెక్కొచ్చు. స్టేషన్ బయట ఆటోలు గుట్టకు వస్తాయి. ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి. పిల్లలతో అయితే రైలే మజా. వీలైతే మామూలు రోజు చూసుకోండి. ఆదివారం మధ్యాహ్నం వ్యూ పాయింట్ దగ్గర కనబడేది లోయ కాదు, ముందు నిలబడ్డవాళ్ల ఫోన్లు!

కోతులకు బిస్కెట్లు, చిప్స్ పెట్టకండి. అది పుణ్యం కాదు, వాటిని రోడ్డు మీదికి, బండ్ల కిందికి పిలవడమే. ట్రెక్కింగ్ దారి తప్పి రీల్ కోసం వాగులోకి దిగకండి. వానాకాలం రాళ్లు నాచు పట్టి జారుతాయి, ఫోన్ సిగ్నల్ కూడా ప్రతిచోటా ఉండదు. దగ్గర్లోని కోటిపల్లి, సర్పన్‌పల్లి ప్రాజెక్టుల్లో బోటింగ్, కయాకింగ్‌కు పోయేవాళ్లు లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కనే ఎక్కొద్దు. ఇచ్చినా బకిల్స్ సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోండి.

రోడ్డు పనుల బోర్డులు లేచాయి. టూరిజం డబ్బులు మంజూరయ్యాయి. అటవీ శాఖ, దేవాదాయ శాఖ, టూరిజం శాఖ, మున్సిపాలిటీ.. ఈ నలుగురిలో గుట్ట మీదికి ఎక్కే బండ్లను లెక్కపెట్టే బాధ్యత ఎవరిదో ముందు తేలాలి. కార్తీక జాతర రోజుల్లో ఎలాగూ అన్ని శాఖలూ ఒకచోట కూర్చుని బందోబస్తు మీటింగ్ పెట్టుకుంటాయి. ఈసారి ఆ మీటింగ్‌లో మామూలు ఆదివారాల గురించి కూడా ఒక గంట మాట్లాడుకుంటారా అన్నది చూడాలి.